మూత్ర పరీక్షతో మూత్రాశయ క్యాన్సర్‌ను పట్టడం: మాలిక్యులర్ మార్కర్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

మూత్రాశయ క్యాన్సర్ గురించి, దాన్ని మూత్రంలోనే వెతికే కొత్త పరీక్షల గురించి రోగులూ వాళ్ల ఇంట్లోవాళ్లూ ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. ఈ జబ్బు మా ఇంట్లోకీ వచ్చింది. అందుకే కొన్ని జవాబులు పొడవుగా ఉంటాయి. మీ యూరాలజిస్టు మాటకు బదులుగా వీటిని తీసుకోవద్దు. ఆయన ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలియడానికి చదవండి.

నొప్పి లేదు, మంట లేదు. ఒక్కసారి మూత్రం ఎర్రగా వచ్చి మళ్లీ మామూలైపోయింది. వేడి చేసిందేమో కదా?

వేడి అని సరిపెట్టుకోవద్దు. మన ఇళ్లలో మూత్రం రంగు మారగానే వచ్చే మొదటి మాట అదే. ఆ తర్వాత బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, కొబ్బరి బోండాం, రాళ్లేమోనని పల్లేరుకాయల కషాయం. మా పెదనాన్న ఎనిమిది నెలలు ఇవే తాగారు. ఎర్రగా వచ్చేది, రెండు రోజుల్లో ఆగిపోయేది, నెలన్నరకి మళ్లీ వచ్చేది. ఆగిన ప్రతిసారీ కషాయం పనిచేసిందనుకున్నాం. మూత్రాశయంలోని కణితి నుంచి రక్తం దానంతట అదే కారి దానంతట అదే ఆగుతుందని మాలో ఒక్కరికీ తెలియదు. చివరికి రక్తం గడ్డలు అడ్డుపడి మూత్రం బందైపోతేనే ఆసుపత్రికి తీసుకెళ్లాం.

కంటికి కనిపించేలా మూత్రంలో రక్తం పడి పరీక్షలకు వచ్చినవాళ్లలో నూటికి 10 నుంచి 20 మందికి మూత్రాశయ క్యాన్సర్ బయటపడుతుంది. మిగతావాళ్లకు రాళ్లో, ఇన్ఫెక్షనో, ప్రోస్టేట్ వాపో, కిడ్నీ జబ్బో ఉంటుంది. నొప్పి లేదు కదా అని ఊరట పడకండి. నొప్పి లేకుండా రక్తం పడటమే ఈ క్యాన్సర్‌కు తొలి గుర్తు. బీట్‌రూట్ తిన్నా, క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ మింగినా మూత్రం ఎర్రబడుతుంది నిజమే. మామూలు మూత్ర పరీక్షలో రక్తకణాలు ఉన్నాయో లేవో ఒక్కరోజులో తేలిపోతుంది కాబట్టి ఊహించుకుంటూ కూర్చోవాల్సిన పని లేదు.

గుండెకి రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నాను. రక్తం వాటివల్లే పడుతుందా?

మాత్రల వల్ల రక్తం ఎక్కువగా కారవచ్చు, కానీ కారడానికి అసలు చోటు ఒకటి ఉండాలి కదా. ఈ మాత్రలు వాడేవాళ్లకీ అందరికీ చేసే పరీక్షలే చేయాలని మార్గదర్శకాలు చెబుతాయి. మాత్రలు మాత్రం సొంతంగా ఆపేయకండి.

మూత్రం చూసి క్యాన్సర్ ఎలా చెబుతారు?

ఈ జబ్బుకు ఒక వెసులుబాటు ఉంది. మూత్రాశయం లోపలి గోడకు యూరోథీలియం అనే పొర ఉంటుంది, మూత్రాశయ క్యాన్సర్లలో సుమారు 90 శాతం ఆ పొరలోనే పుడతాయి. మూత్రం గంటల తరబడి ఆ పొరను తాకుతూ నిలవ ఉంటుంది. పొర నుంచి రాలిన కణాలు, పగిలిన కణాల డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్లు అన్నీ అందులో కలుస్తాయి. కాలేయానికో క్లోమానికో సూది గుచ్చితే తప్ప అందని సరుకు ఇక్కడ సీసాలో దొరుకుతుంది.

ఇది ఇవాళ్టి ఆలోచన కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు చేసే పాప్ స్మియర్ పేరు వినే ఉంటారు. ఆ పరీక్షకు పేరిచ్చిన పాపనికొలావు, యూరాలజిస్టు మార్షల్‌తో కలిసి 1945లోనే మూత్రంలోని కణాలను సూక్ష్మదర్శిని కింద చూసి క్యాన్సర్‌ను గుర్తించవచ్చని రాశారు. దాన్నే యూరిన్ సైటాలజీ అంటున్నాం.

సైటాలజీ ఉండగా మళ్లీ మార్కర్లు ఎందుకు?

సైటాలజీ ఒక రకం క్యాన్సర్‌ను బాగా పడుతుంది, ఇంకో రకాన్ని దాదాపు వదిలేస్తుంది. చురుగ్గా పెరిగే హై గ్రేడ్ కణాలు వికారంగా, పెద్ద కేంద్రకాలతో ఉంటాయి కాబట్టి పాథాలజిస్టు కంటికి చిక్కుతాయి. యూరోపియన్ యూరాలజీ మార్గదర్శకాలు ఇచ్చే లెక్క ప్రకారం హై గ్రేడ్‌లో సైటాలజీ సెన్సిటివిటీ (అంటే జబ్బున్నవాళ్లలో ఎంతమందిని పడుతుందన్న లెక్క) 84 శాతం, లో గ్రేడ్‌లో 16 శాతం. లో గ్రేడ్ కణం మామూలు కణంలాగే కనిపిస్తుంది. ఎంత అనుభవం ఉన్న కన్నయినా దాన్ని వేరు చేయలేదు.

పైకి ఒకేలా కనిపించే రెండు కణాల్లో లోపల మాత్రం తేడా ఉంటుంది. ఆ తేడాను పట్టేవే మాలిక్యులర్ మార్కర్లు.

రిపోర్టులో ‘అటిపికల్’ అని రాశారు. క్యాన్సరేనా?

అవుననీ కాదు, కాదనీ కాదు. 2016లో వచ్చిన పారిస్ సిస్టమ్ ప్రకారం పాథాలజిస్టులు సైటాలజీ ఫలితాన్ని కొన్ని తరగతులుగా రాస్తారు. కణాలు కొంచెం తేడాగా ఉన్నాయి, కానీ క్యాన్సర్ అని చెప్పేంత కాదు అన్నప్పుడు ‘అటిపికల్’ అంటారు. రాయి ఒరిపిడికీ, ఇన్ఫెక్షన్‌కీ కణాలు అలా మారతాయి. ఇలా ఎటూ తేలని చోట కణాల్లో క్రోమోజోములను లెక్కపెట్టే ఫిష్ లాంటి మార్కర్ పరీక్ష డాక్టర్‌కు నిజంగా సాయపడుతుంది.

మాలిక్యులర్ మార్కర్లలో ఎన్ని రకాలున్నాయి?

పేర్లు డజన్ల కొద్దీ ఉన్నాయి. మూత్రంలో ఏ వస్తువును వెతుకుతున్నారో దాన్నిబట్టి విడదీస్తే తేలిగ్గా అర్థమవుతాయి.

మొదట వచ్చినవి ప్రొటీన్లను వెతికే పరీక్షలు. ఎన్‌ఎంపీ22 అనేది కణ విభజనప్పుడు కేంద్రకంలో పనిచేసే ప్రొటీన్. కణాలు చనిపోయినప్పుడు మూత్రంలోకి వస్తుంది, క్యాన్సర్ ఉంటే ఎక్కువగా వస్తుంది. దీన్ని కొలిచే కిట్‌కు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1996లో అనుమతి ఇచ్చింది. తర్వాత గర్భ పరీక్ష పట్టీలాగా క్లినిక్‌లోనే చూసుకునే రకం కూడా వచ్చింది. బీటీఏ స్టాట్ అనేది రక్తంలో ఉండే కాంప్లిమెంట్ ఫ్యాక్టర్ హెచ్‌కు దగ్గరి చుట్టమైన ప్రొటీన్‌ను వెతుకుతుంది.

తర్వాత క్రోమోజోములు. మామూలు కణంలో ప్రతి క్రోమోజోమూ రెండేసి ఉంటాయి. క్యాన్సర్ కణంలో ఆ లెక్క తప్పి మూడో నాలుగో ఉంటాయి, లేదా ఒక ముక్క ఎగిరిపోతుంది. యూరోవిజన్ అనే ఫిష్ పరీక్షలో 3, 7, 17 క్రోమోజోములకూ, 9వ దాని మీద 9పీ21 అనే చోటుకూ రంగుల మెరుపు అంటించి లెక్కపెడతారు. ఆ 9పీ21 దగ్గర కణవిభజనకు కళ్లెం వేసే పీ16 జన్యువు ఉంటుంది. అది పోయిన కణాన్ని ఆపేది లేదు. ఎఫ్‌డీఏ ఈ పరీక్షను 2001లో జబ్బు తిరగబెట్టడం చూడటానికీ, 2005లో మూత్రంలో రక్తం పడేవాళ్లకూ అనుమతించింది.

మూడోది మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ, అంటే కణంలో ఏ జన్యువులు ఇప్పుడు పనిలో ఉన్నాయో చెప్పే ఆనవాలు. న్యూజిలాండ్‌లోని డునెడిన్ నుంచి వచ్చిన సీఎక్స్‌బ్లాడర్ ఐదు జన్యువుల ఆర్‌ఎన్‌ఏను కొలుస్తుంది. అందులో నాలుగు కణితికి సంబంధించినవి. ఐదోది సీఎక్స్‌సీఆర్2, వాపు వల్ల పెరిగేది. వాపును క్యాన్సర్‌గా పొరబడకుండా దాన్ని కలిపారు. ఎక్స్‌పర్ట్ బ్లాడర్ క్యాన్సర్ అనే ఇంకో పరీక్షా ఐదు ఆర్‌ఎన్‌ఏలనే చూస్తుంది. క్షయ కోసం మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో కళ్లెను పెట్టి చూసే సీబీనాట్ యంత్రం తెలుసు కదా, ఇదీ ఆ జీన్‌ఎక్స్‌పర్ట్ కుటుంబపు యంత్రంలోనే నడుస్తుంది. కార్ట్రిడ్జ్ మాత్రం వేరు.

నాలుగోది మిథైలేషన్. ఇక్కడ జన్యువు అక్షరాలు మారవు, దాని మీద చిన్న రసాయన ముద్రలు పడి జన్యువు మూతపడుతుంది. బ్లాడర్ ఎపిచెక్ అలాంటి 15 చోట్లను చూస్తుంది. 2023లో ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది.

ఐదోది జన్యువు అక్షరాలే మారడం, అంటే మ్యుటేషన్లు. దీనికి విడిగా ఒక ప్రశ్న పెట్టుకోవాలి.

టెర్ట్, ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే పేర్లు తరచూ వింటున్నాం. ఏమిటివి?

మోకు కొస పీచు విడిపోకుండా ముడి వేస్తాం కదా. క్రోమోజోముల కొసలకూ అలాంటి కట్టు ఉంటుంది, టెలోమియర్ అంటారు. కణం విడిపోయిన ప్రతిసారీ అది కాస్త అరుగుతుంది. బాగా అరిగాక కణం విడిపోవడం మానేస్తుంది. ఆ కట్టును మళ్లీ మళ్లీ వేసే ఎంజైమును తయారుచేసే జన్యువు టెర్ట్. పెద్దవాళ్ల కణాల్లో అది చాలావరకు నిద్రలో ఉంటుంది. దాన్ని నడిపే ప్రమోటర్ భాగంలో ఒకే ఒక్క అక్షరం మారితే చాలు, నిద్ర లేస్తుంది, కణానికి ముసలితనం ఉండదు. మూత్రాశయ క్యాన్సర్లలో 60 నుంచి 80 శాతం దాకా ఈ మార్పు కనిపిస్తుంది. లో గ్రేడ్, హై గ్రేడ్ రెండింట్లోనూ ఉంటుంది, పైగా ఎక్కువగా రెండే రెండు స్థానాల్లో. ఇంత చిన్న చోట వెతికితే ఇంత మందిలో దొరకడం వల్లే పరిశోధకులకు దీని మీద అంత ఆశ.

ఇరాన్‌లోని గోలెస్తాన్ ప్రాంతంలో వేలమందిని ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం ఒకటి ఉంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఇచ్చిన మూత్రాన్ని దాచిపెట్టి, తర్వాత మూత్రాశయ క్యాన్సర్ వచ్చినవాళ్ల నమూనాలు తీసి చూశారు. 30 మందిలో 14 మందికి టెర్ట్ మార్పు ముందే ఉంది, కొందరిలో జబ్బు బయటపడటానికి 10 ఏళ్ల ముందే. పోల్చి చూసిన 101 మంది ఆరోగ్యవంతుల్లో ఒక్కరికీ లేదు. 2020లో వచ్చిన ఈ ఫలితం చదివిన రోజు నేను చాలాసేపు పెదనాన్న గురించే ఆలోచించాను. అధ్యయనం చిన్నదే. సగం కంటే ఎక్కువమందిలో ముందస్తు గుర్తు దొరకలేదు కూడా. అయినా ఈ జబ్బు మనకు కనిపించే ముందు ఎన్నేళ్లు లోపల నడుస్తుందో ఆ 14 నమూనాలు చూపించాయి.

ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 ఇంకో జన్యువు. దానిలో మార్పు ఎక్కువగా నెమ్మదైన, పూతలా పైకి పెరిగే లో గ్రేడ్ కణితుల్లో ఉంటుంది. టీపీ53 అనే జన్యువు చెడిపోవడం ఎక్కువగా లోతుకు దిగే హై గ్రేడ్ రకంలో. అంటే ఇవి ‘ఉందా లేదా’ అన్నదానితో పాటు ‘ఏ దారి పట్టింది’ అనీ కొంత చెబుతాయి. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 మార్పులున్న ముదిరిన జబ్బుకు ఎర్డాఫిటినిబ్ అనే మాత్ర 2019 నుంచి ఉంది.

ఎన్‌ఎంపీ22 పాజిటివ్ వచ్చింది. నాకు కిడ్నీలో రాయి కూడా ఉంది. భయపడాలా?

రాయి, ఇన్ఫెక్షన్, ఈమధ్యే పైపు పెట్టిన ఒరిపిడి, ఏవైనా ఈ ప్రొటీన్‌ను పెంచగలవు. బీటీఏ అయితే రక్తం పడితేనే పాజిటివ్ కావచ్చు, ఎందుకంటే అది వెతికే ప్రొటీన్ లాంటిది రక్తంలోనే ఉంది. అసలు రక్తం పడిందనే కదా పరీక్షకు వచ్చాం! ప్రొటీన్ పరీక్షలు తేలిగ్గా అయిపోయినా వాటికి నేను తక్కువ మార్కులే వేస్తాను. ముందు ఇన్ఫెక్షన్ ఉంటే తగ్గించుకుని, డాక్టర్ సలహాతో సిస్టోస్కోపీ, అంటే మూత్రాశయంలోకి కెమెరా పెట్టి చూసే పరీక్ష, చేయించుకోండి.

‘సెన్సిటివిటీ 90 శాతం’ అంటే నాకు జబ్బు ఉండే అవకాశం 90 శాతమా?

కాదు. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే, కాబట్టి లెక్క వేసి చూద్దాం.

జబ్బు ఉన్న 100 మందిలో 90 మందిని పట్టే, జబ్బు లేని 100 మందిలో 80 మందిని సరిగ్గా ‘లేదు’ అనే పరీక్ష ఒకటి ఉందనుకోండి. మూత్రంలో రక్తం పడి వచ్చిన 1000 మందికి చేశాం, వాళ్లలో నిజంగా జబ్బున్నవాళ్లు 50 మంది అనుకుందాం. పరీక్ష 45 మందిని పడుతుంది, ఐదుగురిని వదిలేస్తుంది. జబ్బు లేని 950 మందిలో 190 మందిని అనవసరంగా భయపెడుతుంది. మొత్తం పాజిటివ్ 235 మంది, నిజంగా జబ్బున్నది 45 మందికి, అంటే ఐదుగురిలో ఒకరి కంటే తక్కువ. నెగెటివ్ వచ్చిన 765 మందిలో మాత్రం 760 మందికి నిజంగానే జబ్బు లేదు.

ఇదే పరీక్షను ఏ బాధా లేని 10,000 మందికి చేద్దాం, వాళ్లలో జబ్బున్నది 10 మందికి అనుకుందాం. తొమ్మిది మంది దొరుకుతారు. వాళ్లతో పాటు 1998 మంది ఏ జబ్బూ లేకుండా నిద్ర పోగొట్టుకుంటారు, కెమెరా పరీక్షకు వరస కడతారు. కిట్టు అదే, ల్యాబూ అదే. ఎవరికి చేశామన్నది మారేసరికి దాని విలువే మారిపోయింది.

అయితే పొగతాగే మా నాన్నకు ఏటా మార్కర్ పరీక్ష చేయిస్తే మంచిది కాదా?

పై లెక్క వల్లే, ఏ లక్షణమూ లేనివాళ్లకు ఊరికే చేయించమని ప్రధాన మార్గదర్శకాలు చెప్పడం లేదు. మీ నాన్నగారికి ఇంతకంటే మేలు చేసే పని ఒకటుంది: మాన్పించండి. మూత్రాశయ క్యాన్సర్లలో దాదాపు సగానికి పొగాకే కారణం. పొగలోని ఆరోమాటిక్ అమైన్లు అనే రసాయనాలు రక్తంలో కలిసి, కిడ్నీ వడకట్టాక మూత్రంలో చేరి గంటల తరబడి ఆ పొరను తాకుతాయి. సిగరెట్టు, బీడీ, చుట్ట, పేరేదైనా పొగ పొగే. అద్దకం రంగుల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకూ ఇదే ప్రమాదం ఉందని 1895లోనే జర్మనీలో రేన్ అనే సర్జన్ గమనించారు. రంగులు, రబ్బరు, తోలు పనుల్లో ఏళ్లు గడిపినవాళ్లు డాక్టర్‌కు ఆ సంగతి తప్పక చెప్పాలి. సాధారణంగా ఎవరూ అడగరు.

మార్కర్ పరీక్ష చేయించుకుంటే సిస్టోస్కోపీ తప్పుతుందా?

కంటికి కనిపించే రక్తం పడినవాళ్లకు తప్పదు. కణితి ఉంటే ఎక్కడుందో, ఎన్నున్నాయో, ఎంత ఉన్నాయో చూడాలి, ముక్క తీయాలి. ఆ పని ఏ మార్కరూ చేయదు.

కంటికి కనిపించకుండా సూక్ష్మదర్శినిలో మాత్రమే రక్తకణాలు కనిపించినవాళ్ల సంగతి వేరు. వయసు, పొగతాగిన చరిత్ర, కణాల సంఖ్య చూసి వాళ్లను తక్కువ, మధ్యస్థ, ఎక్కువ ప్రమాదం అని విడదీస్తారు. 2025లో సవరించిన అమెరికా యూరాలజీ మార్గదర్శకం, మధ్యస్థ ప్రమాదం ఉండి సిస్టోస్కోపీ వద్దనుకునేవాళ్లకు సైటాలజీ గానీ, నిరూపితమైన మూత్ర మార్కర్ గానీ చేసి నిర్ణయించుకోవచ్చని చెప్పింది. ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్లకు ఆ వీలు ఇవ్వలేదు.

కెమెరా పరీక్ష అంటే బెదిరిపోయేవాళ్లకు ఒక మాట. వంగే సన్నని గొట్టంతో, తిమ్మిరెక్కించే జెల్లీ వేసి, కొద్ది నిమిషాల్లో చూసేస్తారు. ఒకటి రెండు రోజులు మంట ఉండవచ్చు. సిగ్గు వల్ల వాయిదా వేసేవాళ్లు చాలామంది. ఆ సిగ్గు అర్థమవుతుంది, కానీ దాని ఖరీదు చాలా పెద్దది.

మరి ఈ పరీక్షలు అసలు ఎవరికి బాగా పనికొస్తాయి?

ఒకసారి జబ్బు వచ్చి నయమైనవాళ్లకు. మూత్రాశయ క్యాన్సర్ సుమారు నాలుగింట మూడు వంతుల మందిలో కండరంలోకి దిగకముందే బయటపడుతుంది. టీయూఆర్‌బీటీ అనే ఆపరేషన్‌తో లోపలి నుంచే గీకి తీసేస్తారు. అయితే మళ్లీ మళ్లీ మొలిచే గుణం దీనిది. అందుకే ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్లకు మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి, ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి కెమెరా పెట్టి చూస్తారు. ఊరి నుంచి పట్నానికి ప్రయాణం, తోడు మనిషి, పోయిన కూలి, ఖర్చు. మూడో ఏడు వచ్చేసరికి ‘బాగానే ఉన్నాను కదా’ అని మానేసేవాళ్లు ఎందరో.

తక్కువ ప్రమాదం ఉన్నవాళ్లలో కొన్ని సిస్టోస్కోపీల మధ్య వ్యవధి పెంచడానికి, ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్లలో కెమెరాకు అందని చదునైన కార్సినోమా ఇన్ సిటు (లోపలి పొరలోనే పరుచుకునే హై గ్రేడ్ క్యాన్సర్) లాంటిది తప్పిపోకుండా చూడటానికి మార్కర్లు ఉపయోగపడతాయి. నా ఆశంతా ఇక్కడే. నెగెటివ్ ఫలితాన్ని నిజంగా నమ్మగలిగిన రోజున, ఇచ్ఛాపురంలోనో ఆదిలాబాద్‌లోనో ఉన్న రోగి సీసా పంపితే సరిపోయే సందర్భాలు కొన్నయినా వస్తాయి.

మార్కర్ పాజిటివ్, కెమెరాలో ఏమీ కనిపించలేదు. ఎవరు తప్పు?

ఇద్దరూ ఒప్పే కావచ్చు. చదునైన మచ్చ మామూలు వెలుతురులో కనిపించకపోవచ్చు. కణాలు మూత్రాశయం నుంచి కాక కిడ్నీ గిన్నె నుంచో మూత్రనాళం నుంచో రాలి ఉండవచ్చు, దానికి సీటీ యూరోగ్రామ్ అనే స్కాన్ కావాలి. లేదా మార్పు ముందే మొదలై కణితి ఇంకా రూపు కట్టకపోయి ఉండవచ్చు. ఫిష్ పాజిటివ్ వచ్చి ఏమీ కనిపించని కొందరిలో నెలల తర్వాత జబ్బు తిరిగి కనిపించడం తెలిసిన విషయమే. కొన్నిసార్లు పరీక్ష ఉత్తినే పాజిటివ్ అవుతుంది కూడా. ఇలాంటి రిపోర్టును బీరువాలో పెట్టేయకుండా తర్వాతి పరీక్ష తేదీ దగ్గరకు జరిపించుకోండి.

బీసీజీ మందు ఎక్కించుకుంటున్నాను. ఇప్పుడు పరీక్ష చేయవచ్చా?

చిన్నప్పుడు భుజం మీద మచ్చ మిగిల్చిన అదే బీసీజీని మూత్రాశయంలోకి ఎక్కిస్తే అక్కడ గట్టి వాపు రేగి క్యాన్సర్ కణాలను చంపుతుంది. ఆ వాపు తగ్గేదాకా ప్రొటీన్ పరీక్షలు, సైటాలజీ తికమకపడతాయి. ఫిష్‌కు ఆ ఇబ్బంది తక్కువ. ఎప్పుడు చేయించాలో మీ డాక్టరే చెప్పాలి. బీసీజీ నడుస్తోందని ల్యాబ్ ఫారంలో తప్పక రాయించండి.

నమూనా ఎలా ఇవ్వాలి?

సైటాలజీకి పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం వద్దు. రాత్రంతా నిలవ ఉండి కణాలు పాడవుతాయి. నీళ్లు తాగి, కాస్త నడిచి, రెండోసారి వచ్చింది ఇవ్వండి. ఇంటి నుంచి తెచ్చి సంచిలో ఎండలో తిప్పడం కంటే ల్యాబ్‌లోనే ఇవ్వడం నయం. మార్కర్ పరీక్షకు కిట్‌తో పాటు వచ్చే ద్రవం కలిపిన సీసానే వాడాలి.

ఆడవాళ్లకు కూడా వస్తుందా?

మగవాళ్లకు మూడు నాలుగు రెట్లు ఎక్కువ, కానీ ఆడవాళ్లకూ వస్తుంది, తరచూ ఆలస్యంగా బయటపడుతుంది. కారణం చెప్పడానికే బాధగా ఉంటుంది. మూత్రంలో రక్తం అనగానే ఇన్ఫెక్షన్ అని ఒక కోర్సు యాంటీబయాటిక్, తగ్గకపోతే ఇంకో కోర్సు. లేదంటే నెలసరి తేడా అనో, బహిష్టు ఆగాక వచ్చే సమస్య అనో సరిపెడతారు. కల్చర్ పరీక్షలో క్రిమి ఏదీ పెరగకుండానే రెండోసారి యాంటీబయాటిక్ రాస్తే, ‘కెమెరా పెట్టి చూడాలా అండీ’ అని మీరే అడగండి. అమ్మ అడగలేకపోతే పక్కన కూర్చున్న కూతురో కోడలో అడగాలి.

రక్త పరీక్షతో తెలియదా?

ప్రోస్టేట్‌కు పీఎస్‌ఏ ఉన్నట్టు మూత్రాశయానికి అలాంటి రక్త పరీక్ష లేదు.

మన దగ్గర ఏవి దొరుకుతాయి?

సైటాలజీ పాథాలజిస్టు ఉన్న ప్రతి పెద్ద ఆసుపత్రిలోనూ జరుగుతుంది. ఫిష్ పద్ధతి రక్త క్యాన్సర్ల కోసం మన పెద్ద ల్యాబుల్లో ఎప్పటినుంచో ఉంది, మూత్రానికి కూడా చేస్తారా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ల్యాబ్ ప్యాకేజీల్లో ఖరీదైన మార్కర్ పేరు కనిపించగానే డబ్బు కట్టకండి. ‘ఈ ఫలితం పాజిటివ్ వస్తే ఏం చేస్తారు, నెగెటివ్ వస్తే ఏం చేస్తారు?’ అని మీ యూరాలజిస్టును అడగండి. రెండింటికీ జవాబు ‘సిస్టోస్కోపీ’ అయితే ఆ డబ్బు సిస్టోస్కోపీకే పెట్టండి.